నేరాంగీకార ఒప్పందం, కోర్టు ఆదేశించే మత్తు చికిత్స: జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల

క్రిమినల్ కేసులో నిందితుడు సాక్షుల విచారణ దాకా పోకుండా తప్పు ఒప్పుకొని, కోర్టు సమక్షంలో తక్కువ శిక్షకు, బాధితుడికి ఇచ్చే పరిహారానికి అంగీకరించడాన్ని నేరాంగీకార ఒప్పందం అంటారు. న్యాయవాదుల నోట ఇది ‘ప్లీ బార్గెయినింగ్’. మత్తుకు బానిసైన నిందితుడిని జైలుకు పంపే బదులు, అతని సమ్మతితో ఆసుపత్రికి పంపి, ఫలితం చూసి కేసును ముగించడం కోర్టు ఆదేశించే మత్తు చికిత్స. అమెరికా వంటి దేశాల్లో ఈ రెండూ తరచూ ఒకే ఒప్పందంలో కలిసి ఉంటాయి. భారత చట్టంలో వేర్వేరు చోట్ల ఉన్నాయి. మొదటిది 2006 నుంచి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోనూ, 2024 జులై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్ఎస్ఎస్)లోనూ ఉంది. రెండోది 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం, అంటే ఎన్‌డీపీఎస్ చట్టంలో ఉంది.

ఉత్తర తెలంగాణలోని జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతంలో ఈ రెండు ఏర్పాట్లకూ ప్రత్యేకమైన ప్రాధాన్యం ఉంది. ఇక్కడి యువకుల్లో చాలామందికి గల్ఫ్ ప్రయాణమే బతుకుదెరువు, పెండింగు కేసు ఆ ప్రయాణానికి అడ్డుపడుతుంది. ఇక్కడి ఊళ్లలో ఎక్కువమందిని పట్టి ఉంచే మత్తు గంజాయి కాదు, మందు కలిపిన కల్లు. దానికి అలవాటుపడినవారు కోర్టు మెట్లు ఎక్కరు కాబట్టి కోర్టు ఇప్పించే చికిత్సా వారి దాకా రాదు.

కలగలిసిపోయే మూడు మాటలు

జనం వాడుకలో రాజీ, తప్పు ఒప్పుకోవడం, ఒప్పందం అనే మూడూ ఒకటే అన్నట్టు వినిపిస్తాయి. చట్టంలో మూడింటికీ దారులు వేరు.

రాజీ అంటే బాధితుడు, నిందితుడు కలిసిపోవడం. పొలం గట్టు గొడవలో చిన్న దెబ్బలు, తిట్లు, చిన్నపాటి మోసం వంటి వాటికి చట్టమే రాజీని అనుమతిస్తుంది (బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 359). రాజీ కుదిరితే నిందితుడు నిర్దోషిగా విడుదలైనట్టే, అతని మీద శిక్ష మచ్చ ఉండదు. లోక్ అదాలత్‌లలో ఎక్కువగా ముగిసేవి ఇటువంటి కేసులే. గంజాయి కేసులో బాధితుడంటూ ఒకరు ఉండరు, ఫిర్యాది ప్రభుత్వమే. అందుకని ఎన్‌డీపీఎస్ కేసులో రాజీకి చోటు లేదు.

తప్పు ఒప్పుకోవడం అంటే మేజిస్ట్రేటు “నేరం ఒప్పుకుంటున్నావా?” అని అడిగినప్పుడు “ఒప్పుకుంటున్న” అనడం. తాగి బండి నడిపిన కేసుల్లో, పేకాట కేసుల్లో రోజూ జరిగేది ఇదే. శిక్ష ఎంతో ముందుగా ఎవరూ మాట ఇవ్వరు, అది మేజిస్ట్రేటు విచక్షణ. “ఒప్పుకుంటే ఫైనుతో పోతది” అని కోర్టు ఆవరణలో వినిపించే సలహా దీని గురించే. ఫైను కట్టినా అది శిక్షేనని, రికార్డులో ఉండిపోతుందని ఆ సలహాలో ఎవరూ చెప్పరు.

నేరాంగీకార ఒప్పందంలో లిఖితపూర్వక దరఖాస్తు ఉంటుంది, చర్చ ఉంటుంది, శిక్ష తగ్గింపునకు చట్టం రాసిపెట్టిన లెక్క ఉంటుంది. పోలీసు స్టేషనులో ఇచ్చే ఒప్పుకోలుకూ దీనికీ సంబంధం లేదు. మాదకద్రవ్యాల కేసుల్లో దర్యాప్తు అధికారుల ముందు ఇచ్చిన ఒప్పుకోలు వాంగ్మూలాన్ని సాక్ష్యంగా తీసుకోరాదని తూఫాన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2020 అక్టోబరు 29న తేల్చింది.

చరిత్ర

న్యాయస్థానంలో బేరం అనే భావనను భారత న్యాయమూర్తులు చాలాకాలం అనుమానంగానే చూశారు. మురళీధర్ మేఘరాజ్ లోయా కేసులో (1976) జస్టిస్ కృష్ణయ్యర్, కాసంభాయి కేసులో (1980) జస్టిస్ భగవతి ఈ పద్ధతిని గట్టిగా తప్పుపట్టారు. ఆ రెండూ ఆహార కల్తీ కేసులే. డబ్బున్నవాడు తక్కువ శిక్షతో బయటపడతాడని మొదటి కేసులో, అమాయకుడు విచారణ బాధ పడలేక చేయని నేరం నెత్తిన వేసుకుంటాడని రెండో కేసులో న్యాయమూర్తులు భయపడ్డారు. నేటికీ ఈ పద్ధతి మీద వచ్చే విమర్శలు ఈ రెండింటి చుట్టూనే తిరుగుతాయి.

మరోవైపు జైళ్లు విచారణ ఖైదీలతో నిండిపోతూ వచ్చాయి. లా కమిషన్ 1991లో తన 142వ నివేదికలో, బేరం లేకుండా తమంతట తాము తప్పు ఒప్పుకొనేవారికి శిక్షలో రాయితీ ఇవ్వాలని సూచించింది. 154వ నివేదిక (1996), 177వ నివేదిక (2001), మలిమత్ కమిటీ (2003) అదే దారిలో నడిచాయి. చివరికి పార్లమెంటు చేసిన సవరణతో క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 21-ఎ అధ్యాయం చేరి, 2006 జులై 5 నుంచి అమలులోకి వచ్చింది. పాత కోడ్ స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ఎస్‌లో ఇవే నిబంధనలు కొన్ని మార్పులతో 289 నుంచి 300 వరకు గల సెక్షన్లలో ఉన్నాయి.

ఒప్పందం నడిచే తీరు

గరిష్ఠ శిక్ష ఏడేళ్లకు మించని నేరాలకే ఈ వీలుంది. మహిళల మీద నేరాలు, పిల్లల మీద నేరాలు, దేశ సామాజిక, ఆర్థిక స్థితిని దెబ్బతీసేవిగా కేంద్రం ప్రకటించిన నేరాలు దీని పరిధిలోకి రావు. వరకట్న నిషేధ చట్టం, గృహహింస చట్టం, ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం అలా మినహాయించినవే. అదే నేరంలో గతంలో శిక్షపడినవాడికీ ఈ దారి మూసి ఉంటుంది.

అభియోగాలు నమోదైన రోజు నుంచి 30 రోజుల్లోగా నిందితుడు అఫిడవిట్‌తో దరఖాస్తు చేసుకోవాలి. కోర్టు పబ్లిక్ ప్రాసిక్యూటరుకు, ఫిర్యాదికి నోటీసులిస్తుంది. ఆ తర్వాతి ఘట్టమే కీలకమైనది. న్యాయమూర్తి నిందితుడిని ఒంటరిగా, తలుపులు వేసిన గదిలో విచారిస్తారు. ఎదుటి పక్షం అక్కడ ఉండదు. ఎవరైనా బెదిరించారా, ఆశ చూపారా, దేనికి ఒప్పుకుంటున్నావో తెలుసా అన్నది అక్కడ తేలాలి. ఇష్టపూర్వకం కాదని అనిపిస్తే దరఖాస్తు పక్కనపెట్టి మామూలు విచారణ సాగిస్తారు.

ఇష్టపూర్వకమేనని తేలితే ప్రాసిక్యూటరు, దర్యాప్తు అధికారి, నిందితుడు, బాధితుడు కూర్చుని ఇరువైపులా సమ్మతమైన పరిష్కారం వెతకాలి. అందుకు ఇచ్చే గడువు 60 రోజులు. పరిష్కారం కుదిరితే కోర్టు తీర్పు చెబుతుంది. కనిష్ఠ శిక్ష ఉన్న నేరమైతే అందులో సగం, లేకపోతే గరిష్ఠ శిక్షలో నాలుగో వంతు విధించవచ్చు. ఇంతకుముందు ఏ కేసులోనూ శిక్షపడనివారికి కొత్త చట్టం ఇంకాస్త వెసులుబాటు ఇచ్చింది. వారికి కనిష్ఠ శిక్షలో నాలుగో వంతు, అది లేనిచోట గరిష్ఠ శిక్షలో ఆరో వంతు చాలు. తగిన కేసుల్లో ప్రొబేషన్ మీద కూడా వదలవచ్చు. రిమాండులో గడిపిన రోజులు శిక్షలోంచి తీసివేస్తారు.

ఈ తీర్పు మీద మామూలు అప్పీలు లేదు. రాజ్యాంగం ప్రకారం హైకోర్టులో రిట్, సుప్రీంకోర్టులో ప్రత్యేక అనుమతి పిటిషన్ మాత్రమే మిగులుతాయి. ఒప్పందం కోసం దరఖాస్తులో చెప్పిన మాటలను మరో పనికి వాడకూడదన్నది నిందితుడికి ఉన్న రక్షణ.

మత్తుమందుల చట్టంలో చికిత్స దారి

1985 నవంబరు 14 నుంచి అమలులో ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టం కఠినమైనదని పేరు. ఆ పేరు దాని అమ్మకం, రవాణా సెక్షన్ల వల్ల వచ్చింది. వాడకందారుల విషయంలో అదే చట్టం రెండు చోట్ల మెత్తబడింది.

చట్టం అంతా తూకం మీద నడుస్తుంది. 2001 సవరణ తర్వాత ప్రతి మత్తు పదార్థానికీ ‘చిన్న పరిమాణం’, ‘వాణిజ్య పరిమాణం’ అని రెండు హద్దులు పెట్టారు. గంజాయికి ఆ హద్దులు కిలో, 20 కిలోలు. నిద్రమాత్రల కోవకు చెందిన అల్ప్రాజోలంకు 5 గ్రాములు, 100 గ్రాములు. గంజాయి చిన్న పరిమాణంలో దొరికితే గరిష్ఠ శిక్ష ఏడాది, రూ.10 వేల జరిమానా. మధ్యలో ఉంటే పదేళ్ల దాకా. 20 కిలోలు దాటిన వాణిజ్య పరిమాణానికి కనిష్ఠమే పదేళ్లు, గరిష్ఠం ఇరవై. మత్తుమందులో వేరే పొడి కలిసి ఉంటే మొత్తం మిశ్రమాన్ని తూచాలని హీరా సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2020లో చెప్పింది. దీనివల్ల ఒకే మోతాదు మందు ఎంత పిండిలో కలిసిందన్నదాన్ని బట్టి నేరం స్థాయి మారిపోతుంది. ఈ లెక్కన శిక్షా పరిమితిని బట్టి చూస్తే నేరాంగీకార ఒప్పందానికి ఇమిడేవి చిన్న పరిమాణం, సొంత వాడకం కేసులే. మధ్యస్థ, వాణిజ్య పరిమాణాలు ఏడేళ్ల గీత దాటిపోతాయి.

సెక్షన్ 39 మొదటి చికిత్స దారి. మత్తుమందు వాడినందుకో (సెక్షన్ 27), చిన్న పరిమాణం దగ్గర పెట్టుకున్నందుకో దోషిగా తేలిన బానిసకు వెంటనే శిక్ష వేయకుండా, అతని వయసు, నడవడిక, గత చరిత్ర, ఆరోగ్యం చూసి, అతను ఒప్పుకుంటే ప్రభుత్వం నడిపే లేదా గుర్తించిన ఆసుపత్రికి చికిత్సకు పంపవచ్చు. బాండు రాయించుకొంటారు. ఏడాదికి మించని గడువులో చికిత్స ఫలితం మీద నివేదికతో అతను కోర్టు ముందు హాజరుకావాలి. ఆలోగా ఈ చట్టం కింద మరో నేరం చేయకూడదు. నివేదిక చూశాక కోర్టు మందలించి, మూడేళ్లకు మించని మరో బాండు మీద వదిలేయవచ్చు. బాండు తప్పితే కోర్టు ముందు హాజరై ఆ నేరానికి శిక్ష పొందాల్సిందే.

సెక్షన్ 64-ఎ రెండో దారి. ఇది తీర్పు దాకా పోదు. చిన్న పరిమాణం లేదా వాడకం కేసులో నిందితుడైన బానిస తనంతట తాను ప్రభుత్వ గుర్తింపు ఉన్న చోట చికిత్స పూర్తి చేసుకుంటే అతని మీద ఆ కేసు నడవదు. మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోతుంది. హిందీ సినీ నటుడు ఫర్దీన్ ఖాన్ 2001 నాటి కేసులో 2012లో ముంబై ప్రత్యేక కోర్టు నుంచి పొందిన ఊరట ఈ సెక్షన్ కిందిదే. పేరున్న నటుడికే పదకొండేళ్లు పట్టిన సంగతి ఆ కేసులో గమనించదగ్గది.

రెండు సెక్షన్లలోనూ ‘బానిస’ అన్న మాట ముఖ్యం. చట్టం దృష్టిలో అంటే ఆ పదార్థం మీద ఆధారపడిపోయినవాడు. స్నేహితులతో ఒకసారి లాగి దొరికినవాడు ఈ నిర్వచనంలోకి రాడు. ఇక ప్రొబేషన్ విషయానికొస్తే, పద్దెనిమిదేళ్లు నిండినవారికి ఎన్‌డీపీఎస్ చట్టం దాదాపు ఆ తలుపు మూసేసింది. వాడకం సెక్షన్ 27 వంటి ఒకటి రెండు నేరాలకే మినహాయింపు ఉంది. అందువల్ల జేబులో చిన్న పొట్లంతో దొరికిన బానిసకు ప్రొబేషన్ కంటే సెక్షన్ 39, 64-ఎ దగ్గరి దారులు. పద్దెనిమిది నిండనివారి కేసు జువెనైల్ జస్టిస్ బోర్డుకు పోతుంది. మత్తు విముక్తి కార్యక్రమంలో చేరాలని 2015 చట్టం కింద బోర్డు ఆదేశించవచ్చు.

మద్యం ఎన్‌డీపీఎస్ పరిధిలో లేదు. తాగి గొడవపడిన కేసుల్లో 1958 ప్రొబేషన్ చట్టం పనికొస్తుంది. మత్తు ముట్టకూడదన్న షరతును బాండులో చేర్చే అధికారం సెక్షన్ 4 ఇచ్చింది. బహిరంగంగా తాగి అల్లరి చేసినవారికి భారతీయ న్యాయ సంహిత 24 గంటల జైలు, రూ.వెయ్యి దాకా జరిమానాతో పాటు సమాజసేవను కూడా శిక్షగా చేర్చింది.

ఒక ఊహా లెక్క

ఇరవై రెండేళ్ల యువకుడు కోరుట్ల బస్టాండు దగ్గర 200 గ్రాముల గంజాయితో దొరికాడనుకుందాం. ఇది చిన్న పరిమాణం. మూడేళ్లలోపు శిక్ష కాబట్టి ప్రత్యేక కోర్టు దాకా పోకుండా మేజిస్ట్రేటు కోర్టులోనే సంక్షిప్తంగా విచారించవచ్చు. అతనికి నాలుగు దారులు ఉన్నాయి.

కేసు నడిపి పోరాడటం ఒకటి. తూకం సరిగా జరిగిందా, పంచనామా సాక్షులు నిలబడతారా, ల్యాబు నివేదిక ఎప్పుడొస్తుంది అన్న ప్రశ్నల మీద నిర్దోషిగా బయటపడవచ్చు, కానీ ఏళ్లు పట్టవచ్చు. నేరుగా తప్పు ఒప్పుకోవడం రెండోది. అది ఫైనుతో పోవచ్చు, జైలు కూడా పడవచ్చు. నేరాంగీకార ఒప్పందం మూడోది. ఇదే మొదటి కేసైతే ఏడాదిలో ఆరో వంతు, అంటే రెండు నెలలు. రిమాండులో అప్పటికే నలభై రోజులు గడిపి ఉంటే మిగిలేవి ఇరవై. నిజంగా అలవాటుపడి ఉంటే నాలుగోది చికిత్స. ఇది పూర్తయితే కేసే ఉండదు, కానీ ఏడాదిదాకా ఆసుపత్రికీ కోర్టుకూ తిరగాలి.

ఈ నాలుగింటిలో ఏది మేలో అతని చేతిలో ఉన్న సమయాన్ని బట్టి మారుతుంది. ఈ ప్రాంతంలో ఆ సమయాన్ని గడియారంతో కాకుండా పాస్‌పోర్టుతో కొలుస్తారు.

ప్రాంతం, కోర్టులు, ఆసుపత్రులు

పూర్వపు కరీంనగర్ జిల్లా నుంచి జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాలు 2016 అక్టోబరు 11న విడిపోయాయి. నిజామాబాద్–జగిత్యాల రహదారి మీది కోరుట్ల, జగిత్యాల జిల్లాలోకి వచ్చింది. న్యాయ జిల్లాలు మాత్రం మరో ఆరేళ్లు పాతవే కొనసాగాయి. 2022 జూన్ 2న తెలంగాణలో న్యాయ జిల్లాలు 33కు పెరిగిన తర్వాతే జగిత్యాల, సిరిసిల్లల్లో జిల్లా కోర్టులు వచ్చాయి.

మూడు పట్టణాల బతుకులు వేరు. జగిత్యాల మామిడి మార్కెట్టు, వరి, పసుపు. కోరుట్లలో ఇంటింటా ఆడవాళ్లు చాటలో ఆకు, తంబాకు పెట్టుకొని బీడీలు చుట్టడం, మగవాళ్లు దుబాయ్, మస్కట్ పోవడం. సిరిసిల్లలో సాంచెలు. మరమగ్గాన్ని అక్కడ అలాగే పిలుస్తారు. పన్నెండు గంటల షిఫ్టులో చెవులు దిబ్బళ్లు పడే చప్పుడు మధ్య నాలుగైదు సాంచెల మీద కన్నేసి నిలబడే కార్మికుడికి సాయంత్రం తాగుడు అలసటకు మందుగా అలవాటైంది. పనిలేని రోజుల్లో అదే అప్పుగా మారింది. నేతన్నల ఆత్మహత్యలతో ఈ పట్టణం పేరు చాలా ఏళ్లు పత్రికల్లో నిలిచింది. 2017లో మొదలైన బతుకమ్మ చీరల ఆర్డర్లు సాంచెలకు కొన్నేళ్లు పని చూపించాయి.

కోర్టు చికిత్సకు పంపాలంటే పంపే చోటు ఉండాలి. ఒకప్పుడు మత్తు, మానసిక వైద్యం అంటే హైదరాబాద్ ఎర్రగడ్డలోని మానసిక వైద్యశాలే. జగిత్యాలలో ప్రభుత్వ వైద్య కళాశాల 2022లో, సిరిసిల్లలో 2023లో మొదలయ్యాయి. మానసిక వైద్య విభాగం వైద్య కళాశాలలో తప్పనిసరి కాబట్టి జిల్లా కేంద్రంలోనే మత్తు విముక్తి వైద్యానికి పునాది పడింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మాదకద్రవ్యాల వల్ల వచ్చే మానసిక స్థితులను మానసిక వ్యాధి నిర్వచనంలో చేర్చింది. అంటే కోర్టు పంపకపోయినా ఆ చికిత్స కోరడం రోగి హక్కు.

మందు కల్లు

ఈత, తాటి చెట్టు నుంచి దించిన కల్లు కొద్ది గంటల్లో పులుస్తుంది. ఊళ్లో చెట్లు తగ్గి, తాగేవాళ్లు పెరిగినచోట చాలామంది దుకాణదారులు నీళ్లలో చక్కెర, శాకరిన్ కలిపి, మత్తు కోసం క్లోరల్ హైడ్రేట్, డైజోఫాం, అల్ప్రాజోలం కలపడం మొదలుపెట్టారు. చెట్టు కల్లు నురగతో, పుల్లగా ఉంటుంది. మందు కల్లు ఋతువుతో పనిలేకుండా ఏడాది పొడవునా ఒకే రుచితో ఉంటుంది. గీత కార్మికులకు ఇది రెండు వైపులా దెబ్బ. చెట్టు ఎక్కేవాడి కల్లు ఖరీదవుతుంది, మంది చేసిన కల్తీకి చెడ్డపేరు అతనికి వస్తుంది.

అల్ప్రాజోలం అలవాటైన ఒంటికి అది ఒక్కసారిగా అందకపోతే నిద్ర రాదు. చేతులు వణుకుతాయి, మాట తడబడుతుంది, లేనివి కనిపిస్తాయి, కొందరికి ఫిట్స్ వస్తాయి. 2015లో ప్రభుత్వం కల్తీ కల్లు మీద దాడులు ముమ్మరం చేసినప్పుడు నిజామాబాద్, మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఇదే జరిగింది. దుకాణాలు మూతపడిన కొద్దిరోజులకే వింతగా ప్రవర్తిస్తున్నవారితో జిల్లా ఆసుపత్రులు, ఎర్రగడ్డ నిండాయి. పల్లెల్లో దెయ్యం పట్టిందన్నారు. వైద్యులు మాత్రం ఆపివేత లక్షణాలని గుర్తించి, మోతాదు కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ వచ్చారు. సరఫరా ఆపడం ఒక్కటే చికిత్స కాదని ఆ కొన్ని వారాలు చూపించాయి. 2025 జులైలో హైదరాబాద్ కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయిన తర్వాత చర్చ మళ్లీ మొదలైంది.

చట్టపరంగా ఇక్కడ ఒక వింత ఉంది. కలిపినవాడి మీద ఎక్సైజ్ కేసు, అల్ప్రాజోలం తెచ్చినవాడి మీద ఎన్‌డీపీఎస్ కేసు పడతాయి. తాగినవాడు తన లోటాలో ఉన్నది నిషేధిత మత్తుమందని తెలియని బాధితుడు. అతని మీద కేసు పెట్టడం మామూలుగా జరగదు, జరగాలని ఎవరూ కోరరు. ఆ మానవత్వం వల్లే సెక్షన్ 39, 64-ఎ ఇచ్చే చికిత్స అతన్ని చేరదు. పొట్లంతో దొరికిన యువకుడికి న్యాయమూర్తి చూపించగల ఆసుపత్రి, ఇరవై ఏళ్లుగా మందు కల్లు తాగుతున్న నడివయసు మనిషికి ఎవరూ చూపించరు. ఈ జిల్లాల్లో కోర్టు ద్వారా చికిత్స అనే ఏర్పాటు ఎంత బాగా నడిచినా, మత్తు సమస్యలో అది ఒక చిన్న ముక్కకే సరిపోతుంది.

గల్ఫ్, పాస్‌పోర్టు

పాస్‌పోర్టు చట్టం సెక్షన్ 6 ప్రకారం కోర్టులో క్రిమినల్ కేసు పెండింగులో ఉంటే పాస్‌పోర్టు నిరాకరించవచ్చు. కోర్టు అనుమతి తెచ్చుకుంటే పరిమిత కాలానికి ఇస్తారని 1993 ఆగస్టు 25 నాటి నోటిఫికేషన్ చెబుతుంది. శిక్షపడినవారి విషయంలో హద్దు వేరు. నైతిక పతనంతో కూడిన నేరంలో రెండేళ్లు లేదా అంతకు మించి శిక్షపడి, ఐదేళ్లు గడవకపోతేనే ఆ అడ్డంకి.

దీనివల్ల ఒక తలకిందుల పరిస్థితి ఏర్పడింది. పాస్‌పోర్టు వరకు చూస్తే, తేలని కేసు కంటే తేలిపోయిన రెండు నెలల శిక్ష తక్కువ అడ్డు. వీసా సిద్ధంగా ఉన్న యువకుడు తప్పు చేశాడో లేదో పక్కనపెట్టి ఒప్పుకోవడానికి తొందరపడే ప్రమాదం ఇక్కడే ఉంది. అయితే కొన్ని దేశాలు వీసాకు పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ అడుగుతాయి, శిక్ష అందులో అడ్డుపడవచ్చు. ప్రొబేషన్ మీద విడుదలైతే ఆ శిక్ష వల్ల కలిగే అనర్హత అంటదని ప్రొబేషన్ చట్టం సెక్షన్ 12 చెబుతుంది. 64-ఎ కింద చికిత్స పూర్తయితే అసలు శిక్షే ఉండదు. ఎక్కువ సమయం పట్టినా తక్కువ మచ్చ మిగిల్చేది చికిత్స దారే.

గల్ఫ్ చట్టాలతో నేరుగా తలపడ్డ ఇళ్లూ ఇక్కడ ఉన్నాయి. 2005లో దుబాయ్‌లో నేపాలీ కాపలాదారు హత్య కేసులో రాజన్న సిరిసిల్ల ప్రాంతానికి చెందిన ఐదుగురు జైలుపాలయ్యారు. సిరిసిల్ల ఎమ్మెల్యే కె. తారక రామారావు చొరవతో నేపాల్‌లోని మృతుడి కుటుంబానికి రూ.15 లక్షల పరిహారం అందింది, ఆ కుటుంబం క్షమాపత్రం ఇచ్చింది. అయినా వారు ఇల్లు చేరింది దాదాపు పద్దెనిమిదేళ్ల తర్వాత, 2024 ఫిబ్రవరిలో. అది నేరాంగీకార ఒప్పందం కాదు, ఇస్లామిక్ న్యాయంలోని ‘దియా’ పద్ధతి. బాధిత కుటుంబం ఒప్పుకోవడం, శిక్ష తగ్గడం అనే రెండింటి మధ్య రాజ్యం ఎంతసేపు నిలబడగలదో సిరిసిల్ల ఆ కేసులో చూసింది.

మాదకద్రవ్యాల విషయంలో యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ 2021లో కొత్త చట్టం తెచ్చింది. మొదటిసారి వాడి దొరికినవారిని జైలుకు బదులు పునరావాస కేంద్రానికి పంపే వీలు, దేశ బహిష్కరణను న్యాయమూర్తి విచక్షణకు వదిలే వీలు అందులో ఉన్నాయి. అమ్మకం, రవాణాకు శిక్షలు మాత్రం కఠినంగానే ఉన్నాయి. ఎవరో ఇచ్చిన పార్సిల్ మోసుకెళ్లి దొరికిన కార్మికుడు ఈ రెండో కోవలో పడతాడు.

ఇతర దేశాల్లో

అమెరికాలో పది క్రిమినల్ శిక్షల్లో తొమ్మిదికి పైగా నేరాంగీకార ఒప్పందాల నుంచే వస్తాయి. 1989లో ఫ్లోరిడా రాష్ట్రం మయామిలో మొదలైన ‘డ్రగ్ కోర్టు’ కేసు ముగింపును చికిత్సకు ముడిపెట్టింది. నిందితుడు వారం వారం అదే న్యాయమూర్తి ముందు హాజరై, మూత్ర పరీక్ష ఇచ్చి, పురోగతి చెప్పుకోవాలి. పోర్చుగల్ 2001 జులైలో మరో దారి పట్టింది. సొంత వాడకానికి పది రోజులకు సరిపడేంత మత్తుమందు ఉండటాన్ని నేరాల జాబితా నుంచి తీసేసి, అటువంటివారిని న్యాయ, వైద్య, సామాజిక సేవా రంగాల వారితో కూడిన కమిషన్ ముందుకు పంపుతోంది. భారత చట్టం ఈ రెండింటి మధ్య ఉంది. వాడకం ఇక్కడ నేరమే, చికిత్స దారి కూడా ఉంది. కానీ మయామి తరహాలో దాన్ని వెంటపడి చూసే కోర్టు లేదు, పోర్చుగల్ తరహాలో కోర్టు బయట కమిషన్ లేదు.

అమలు, చర్చ

దేశంలో కోర్టులు పరిష్కరించే కేసుల్లో నేరాంగీకార ఒప్పందంతో ముగిసేవి నూటికి ఒకటి కూడా లేవు. రాజీకి వీలున్న కేసులు మచ్చ లేకుండా రాజీతోనే పోతాయి. చిన్న కేసులు ఫైనుతో ముగుస్తాయి. పెద్ద కేసులు ఏడేళ్ల గీత దాటిపోతాయి. సాక్షులు ఎదురుతిరిగి నిర్దోషిగా బయటపడే అవకాశం కూడా నిందితుడి లెక్కలో ఉంటుంది. మధ్యలో మిగిలిన కేసులకు 30 రోజుల గడువు ఉందన్న సంగతి చాలామందికి గడువు దాటాకే తెలుస్తుంది.

ఈ ప్రాంతంలో మరో కారణం కూడా ఉంది. జగిత్యాల, నిజామాబాద్ వైపు గ్రామాభివృద్ధి కమిటీలకు ఊరి మీద గట్టి పట్టు ఉంది. గొడవలకు జరిమానాలు వేయడం, మాట వినని ఇంటిని వెలివేయడం వంటి వాటి మీద ఫిర్యాదులు పోలీసుల దాకా వచ్చాయి. పెద్దమనుషుల ముందు ‘తప్పు’ కట్టి బయటపడటానికి అలవాటైన ఊరికి బేరం కొత్త కాదు. న్యాయమూర్తి గది తలుపు వేసి “నిన్నెవరైనా బెదిరించారా?” అని అడగడమే కొత్త.

చికిత్స సెక్షన్ల అమలు ఇంకా సన్నగా ఉంది. వాటిని నిందితుడి తరఫున అడగాల్సింది న్యాయవాది, ఆధారపడిన స్థితిని ధ్రువీకరించాల్సింది వైద్యుడు, ఏడాదిలో నివేదిక తెప్పించుకోవాల్సింది కోర్టు. ముగ్గురిలో ఒకరు పట్టించుకోకపోయినా దారి మూసుకుపోతుంది. మత్తు బాధితులకు న్యాయసేవల కోసం జాతీయ న్యాయసేవాధికార సంస్థ 2015లోనే ప్రత్యేక పథకం ప్రకటించింది. కస్టడీలో ఉన్న ఎవరికైనా, వారి ఆదాయంతో పనిలేకుండా, 1987 చట్టం ఉచిత న్యాయవాదిని ఇస్తుంది. సంస్థ ఫోను నంబరు 15100. మత్తు విముక్తికి కేంద్రం నడిపే నంబరు 14446. కోర్టుతో, కేసుతో సంబంధం లేకుండా ఎవరైనా ఫోను చేయగల నంబరు ఈ రెండోది. మందు కల్లు మానాలనుకునేవారికి, ఏ సెక్షన్ కిందా పేరు లేనివారికి, ప్రస్తుతానికి ఉన్న దారి అదీ, జిల్లా ఆసుపత్రి మానసిక వైద్య విభాగమూ.